ఊళ్ళో అద్దెకా, తెల్లాపూర్‌లో సొంతానికా?

(హోమ్ లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్‌లో ఇళ్ళ కొనుగోలు గురించి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేం నల్లకుంటలో అద్దెకుంటున్నాం. ఫస్ట్ ఫ్లోర్, రెండు బెడ్‌రూములు, లిఫ్ట్ లేదు, అద్దె 19 వేలు. మా వారిది నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి. కారుంది. నేను నారాయణగూడలో ఒక స్కూల్లో టీచర్ని, బండి నడపను. బాబు ఆరో తరగతి. అత్తగారికి 71 ఏళ్ళు, షుగర్, మోకాళ్ళ నొప్పులు. శివార్లలోని తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో 1,450 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్ కోటీ 15 లక్షలంటున్నారు. పొజెషన్ రెండేళ్ళకి. 80 లక్షలు లోన్ పెట్టాలి. “జీవితాంతం అద్దె కట్టుకుంటూ కూర్చుంటామా?” అంటారు మా వారు. అత్తగారు ఏమీ అనరు. నాకేమో ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, నల్లకుంట

జవాబు: మీ ఉత్తరం చదువుతూ “అత్తగారు ఏమీ అనరు” దగ్గర ఆగాను. లోన్ సంతకాలకి వచ్చే కుటుంబాల్లో ఆవిడని చాలాసార్లు చూశానమ్మా. కొడుకూ కోడలూ నా ఎదురుగా కూర్చుని ఫారాలు నింపుతుంటే, పక్క కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. “ఏమండీ, కొత్తిల్లు నచ్చిందా?” అంటే “పిల్లలకి నచ్చితే చాలు” అంటుంది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ గంటలు గడపబోయేది ఆవిడే.

ఇల్లు ఎంచుకోవడంలో నాది ఒకటే పద్ధతి. ఇంట్లో బండి నడపలేనివాళ్ళు ఎవరో చూసుకుని, వాళ్ళని బట్టి ఇల్లు వెతకాలి. మీ వారికి కారుంది, వారంలో మిగతా రోజులు ఇంట్లోనే పని. తెల్లాపూరైనా తుక్కుగూడైనా ఆయన నెగ్గుకొస్తారు. మిగిలిన ముగ్గురికీ మంగళవారం ఎలా గడుస్తుందో కాగితం మీద రాసుకోండి. ఆదివారం లెక్కలోకి రాదు, ఆదివారం ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. బిల్డర్లు సైట్ చూడ్డానికి ఆదివారమే రమ్మనేది ఊరికే కాదు.

ముందు అత్తగారి మంగళవారం. మా పెద్దక్క నల్లకుంటలోనే ఉండేది కాబట్టి ఆ వీధులు నాకు తెలుసు, ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఊహించగలను. పొద్దున శంకరమఠం దాకా నడక, వస్తూ మార్కెట్‌లో బెండకాయలు విరిచి చూసి మరీ ఏరుకోవడం, మందుల షాపులో షుగర్ మాత్రల స్ట్రిప్పు, మధ్యలో తెలిసినవాళ్ళతో పది నిమిషాల కబుర్లు. షుగర్ టెస్టుకి విద్యానగర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి ఆటో దూరం. ఇవన్నీ ఆవిడ ఎవరినీ అడక్కుండా చేసుకునే పనులు. గేటెడ్ కమ్యూనిటీలో వాకింగ్ ట్రాక్ ఉంటుంది, క్లబ్‌హౌస్ ఉంటుంది, సాయంత్రం బెంచీ మీద ఆవిడ వయసువాళ్ళూ దొరుకుతారు. కానీ గేటు దాటి ఏం కావాలన్నా కొడుకునో కోడలినో అడగాలి. అడగడం ఇష్టంలేని మనిషి, మీరే రాశారుగా, ఏమీ అనదని.

అలాగని నల్లకుంటే స్వర్గం అననులెండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి లిఫ్ట్ లేని ఇంట్లో మొదటి అంతస్తు ఎక్కి దిగుతోంది. ఇంకో నాలుగేళ్ళకి ఆ మెట్లే ఆవిడని ఇంట్లో కూర్చోబెడతాయి, అప్పుడు వీధి చివర మఠం ఉండీ ఏం లాభం? పైగా హుస్సేన్‌సాగర్ అలుగు నాలా అశోక్‌నగర్, నల్లకుంట మీదుగానే మూసీకి పోతుంది. 2000 ఆగస్టు వానకి ఆ నాలా పక్క ఇళ్ళు ఏమయ్యాయో పాతవాళ్ళనడిగితే చెప్తారు. కాబట్టి ఇల్లు మారాలన్న మీ వారి మాటలో న్యాయముంది. ఎటు మారాలన్నదే పేచీ.

ఇప్పుడు మీ మంగళవారం. ఎనిమిదిన్నరకి స్కూలనుకుందాం. తెల్లాపూర్ నుంచి ఆటోలో లింగంపల్లి వెళ్ళి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాలి, అది గంట కొట్టినట్టు రాదు, ఒకటి తప్పితే ఇంకోదాని కోసం పడిగాపులే. లేదంటే మియాపూర్ వెళ్ళి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి నారాయణగూడలో దిగాలి. ఎలా చూసినా ఆరున్నరకి ఇంట్లోంచి బయటపడాలి. అంటే నాలుగున్నరకి లేచి కుక్కర్ పెట్టాలి. సాయంత్రం మళ్ళీ అదే దారి, చేతిలో దిద్దాల్సిన నోటుపుస్తకాలు.

లోన్ ఫైళ్ళు చూసినదాన్ని కాబట్టి తర్వాత జరిగేది చెప్తాను. ఏడాది తిరక్కుండా అలా దూరం మారిన ఇల్లాలు ఉద్యోగం మానేస్తుంది. “దగ్గర్లో ఏదైనా స్కూల్ చూసుకుంటాలే” అనుకుంటుంది, కొందరికి దొరుకుతుంది, జీతం తక్కువైనా సర్దుకుంటారు. చాలామందికి దొరకదు. తీరా చూస్తే 80 లక్షల లోన్‌కి అర్హత లెక్కకట్టింది కో-అప్లికెంట్‌గా ఆవిడ జీతం కలుపుకునే. ఏ జీతాన్ని చూపించి ఇల్లు కొన్నారో ఆ ఇల్లే ఆ జీతాన్ని మింగేస్తుంది. ఈ సంగతి మార్కెటింగ్ కుర్రాడు చెప్పడు, నిజం చెప్పాలంటే కౌంటర్‌కి ఇవతల కూర్చున్న మేమూ చెప్పం. పే స్లిప్పులు సరిగ్గా ఉంటే మాకు చాలు.

లెక్క మీరే వేసుకోండి. 80 లక్షలకి 20 ఏళ్ళ గడువు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ నెలకి 69 వేల పైచిలుకు. అది పూర్తయిన ఇంటికి. కడుతున్న ఇంటికైతే బ్యాంకు విడతలుగా డబ్బు వదులుతుంది, వదిలినదానికి వడ్డీ కట్టాలి. చివరి విడతకొచ్చేసరికి వడ్డీయే నెలకి 56 వేలు దాటుతుంది, దాని మీద మీ 19 వేల అద్దె. పొజెషన్ ఆలస్యమైన ప్రతి నెలా ఈ రెండూ కలిసి కట్టాల్సిందే. కడుతున్న ఫ్లాట్‌కి 5 శాతం జీఎస్టీ ఉంటుంది, కోటీ 15 లక్షల మీద అయిదు లక్షల 75 వేలు. ఓసీ (నివాసయోగ్య పత్రం) వచ్చి పూర్తయిన ఫ్లాట్ కొంటే అది ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎనిమిది లక్షలు దాటుతుంది. చేరాక మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి నాలుగు రూపాయలు వేసినా నెలకి 5,800. ఇక 1,450 ఎస్‌ఎఫ్‌టీ అన్నదాంట్లో లిఫ్టూ కారిడార్ల వాటా కూడా ఉంటుంది. మీ చాప పరుచుకునే చోటు ఎంతో తెలియాలంటే కార్పెట్ ఏరియా ఎంతని అడగండి.

బాబు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు ఆరు. రెండేళ్ళకి పొజెషన్ అంటే ఎనిమిది. ఇంకో ఏడాది సాగితే, సాగడం కొత్తేం కాదు, తొమ్మిదిలో స్కూల్ మారాలి. టెన్త్ ముందు ఏ తల్లి ఒప్పుకుంటుంది? అప్పుడు ఇంటికి తాళం వేసి, టెన్త్ అయ్యేదాకా నల్లకుంటలోనే అద్దెకుంటారు. ఈఎంఐ అక్కడ, అద్దె ఇక్కడ.

“రేపు అక్కడికీ మెట్రో వస్తుంది, ఊరంతా అటే పెరుగుతోంది” అని మీ వారు అంటారు, అది అబద్ధమేం కాదు. మేం ఎనభైల్లో వనస్థలిపురం వెళ్ళినప్పుడు “జింకల పార్కు పక్కనా!” అని చుట్టాలు నవ్వారు. ఇవాళ వాళ్ళే అక్కడ గజం ఎంతుందని అడుగుతున్నారు. నగరానికి కృష్ణా నీళ్ళు 2004లో వచ్చాయి, ఎల్బీనగర్‌కి మెట్రో 2018లో వచ్చింది, రైతు బజారొచ్చింది, ఆస్పత్రులొచ్చాయి. అన్నీ వచ్చేసరికి మా అత్తగారు పోయారు, పిల్లలు చదువులైపోయి వెళ్ళిపోయారు. ముందుగా వెళ్ళినందుకు స్థలం చవగ్గా దొరికింది, నేనేమీ బాధపడటం లేదు. ఆ ఏళ్ళు ఎవరి వయసులోంచి పోయాయో చెప్తున్నానంతే.

మరి ఏం చెయ్యాలి? తెల్లాపూర్, నల్లకుంట రెండే ఉన్నట్టు మీరిద్దరూ వాదించుకుంటున్నారు. బ్లూ లైన్ మెట్రో మ్యాప్ ఒకసారి తియ్యండి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకే రైలు. హబ్సిగూడ, తార్నాక స్టేషన్లకి నడిచేంత దూరంలో లిఫ్ట్ ఉన్న పది పదిహేనేళ్ళ ఫ్లాట్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. మీ బడ్జెట్‌కి కాస్త లోపలే చూసుకోవచ్చు. మీ వారు ఆ మూడు రోజులూ మారకుండా రాయదుర్గం వెళ్ళి, అక్కడి నుంచి క్యాబో ఆఫీసు షటిలో పట్టుకుంటారు. మీకు తార్నాక నుంచి విద్యానగర్, నల్లకుంట మీదుగా కోఠి వెళ్ళే సిటీ బస్సులున్నాయి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం, మీకు టికెట్టే అక్కర్లేదు. బాబు స్కూల్ మారక్కర్లేదు. అత్తగారికి మెట్లు తప్పుతాయి, పండక్కో పున్నానికో మఠానికి తనే ఆటోలో వెళ్ళొస్తారు.

పాత ఫ్లాట్‌లో చూడాల్సినవి వేరు. మంజూరైన ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా? పైన పెంట్‌హౌస్ లేపి అమ్మేసిన బిల్డింగులు చాలానే ఉన్నాయి, అలాంటి ఫ్లాట్‌కి బ్యాంకులు మామూలుగా లోనివ్వవు. బిల్డింగ్ బాగా పాతదైతే లోన్ గడువు తగ్గించవచ్చు. భూమిలో వాటా, అదే యూడీఎస్, ఎన్ని గజాలో డాక్యుమెంట్‌లో చూడండి. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో వచ్చే వాటా ముప్పై అంతస్తుల టవర్‌లో రాదు. హబ్సిగూడ, రామంతాపూర్ మధ్య పల్లపు కాలనీలు 2020 అక్టోబరు వానకి మునిగాయి, కాబట్టి వీధి చూసుకుని కొనండి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో, చెరువు నిండితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి, అవి ఎలాగూ చూస్తారు. దాంతోపాటు కింద ఇస్త్రీ చేసే అతన్ని అడగండి, ఏ వానకి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ఇంత చెప్పినా మీ వారు తెల్లాపూరే అంటే, ఒక పని చెయ్యండి. ఆ చుట్టుపక్కల ఇప్పటికే జనం చేరిన కమ్యూనిటీ ఒకదానికి ఏప్రిల్లోనో మేలోనో పొద్దున్నే వెళ్ళండి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ట్యాంకర్ల రిజిస్టర్ రాస్తారు. పొడుగాటి అకౌంట్ బుక్కు, బండి నెంబరు, వచ్చిన టైము, ఎన్ని లీటర్లు, డ్రైవర్ సంతకం. ఒక రోజు పేజీ మీకు కంటపడితే చాలు, నీళ్ళ సంగతి తేలిపోతుంది. “వాటర్ ప్రాబ్లమ్ లేదు మేడమ్” అన్న మాట నమ్మొద్దు, ట్యాంకర్ వస్తున్నంతకాలం ఎవరికీ ప్రాబ్లమ్ ఉండదు. బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది. వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా, ఉంటే మొత్తం ఫ్లాట్లకి రోజుకి ఎన్ని కిలోలీటర్లు ఇస్తున్నారు, ఇదీ అడగాల్సింది.

అత్తగారిని కూడా ఒకసారి విడిగా కూర్చోబెట్టి అడగండి. “నచ్చిందా?” అనడిగితే మళ్ళీ “మీ ఇష్టం” అంటారు. “అక్కడికెళ్తే పొద్దున మఠం ఉండదు, ఏం చేస్తారు?” అని అడిగి చూడండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ బైక్ మీద గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తాను. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్)కి “20 నిమిషాల దూరం”లో ఒక ప్రాజెక్ట్ ప్రీ లాంచ్‌లో ఉంది. మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఫ్లాట్ 38 లక్షలకే ఇస్తారట, తర్వాత 60 అవుతుందట. నాన్న ఊళ్ళో పొలం అమ్మి ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: వద్దు బాబూ. నాన్నగారికి ఫోన్ చేసి, పొలం బేరం ఆపమని ఇవాళే చెప్పు.

ఇళ్ళ, స్థలాల అమ్మకాలని నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లకి మించిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో కట్టే ప్రాజెక్టుని రెరాలో రిజిస్టర్ చెయ్యకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా కుదరదు. రిజిస్టర్ చేశాక కూడా, అగ్రిమెంట్ రిజిస్ట్రేషన్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కి ముందే, ప్రీ లాంచ్ పేరుతో, నూటికి నూరు శాతం కట్టమంటున్నారంటే ఈ రెండూ దాటేశారన్నమాట. నీకు రాసిచ్చేది ఒక రసీదో, ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కాగితమో. అది తెస్తే మా సెక్షన్‌లో ఫైల్ కూడా తెరిచేవాళ్ళం కాదు. బ్యాంకు నమ్మనిదాన్ని మీ నాన్న పొలం నమ్మాలా?

ఇక ఆ 20 నిమిషాలు. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, దాని మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లని రానివ్వరు. నీ బైకుకి ఉన్నది సర్వీస్ రోడ్డు, లారీల మధ్య. వాళ్ళు చెప్పిన నిమిషాలు కారుకి, అదీ ఎగ్జిట్ దగ్గరికి. అక్కడి నుంచి గచ్చిబౌలి ఎంతసేపో వాళ్ళు చెప్పరు. బ్రోషర్‌లో ఇంకా పూర్తికాని రీజనల్ రింగ్ రోడ్డు బొమ్మ కూడా వేసే ఉంటారు.

పెళ్ళి కాలేదు, ఉద్యోగం రేపు ఎటు మారుతుందో తెలియదు. కొన్నాళ్ళు ఆఫీసు దగ్గర అద్దెకుండు. హాస్టల్ తిండి మాని ఇద్దరు ముగ్గురు స్నేహితులతో ఫ్లాట్ తీసుకో. హైదరాబాద్‌లో అడ్వాన్స్ మామూలుగా రెండు నెలలే, బెంగళూరులోలా అప్పు చేసి కట్టక్కర్లేదు.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో ముప్పై ఏళ్ళున్నాం. పిల్లలు అమెరికాలో. వాళ్ళ బలవంతం మీద నిరుడు కొల్లూరు వైపు 14వ అంతస్తు ఫ్లాట్‌కి మారాం. గాలీ వెలుతురూ బావుంది. కానీ పనిమనిషి నిలవదు, త్యాగరాయ గానసభలో కచేరీలు పోయాయి, ఈయన లైబ్రరీ పోయింది. తిరిగి వెళ్దామంటే “ఇంత మంచి ఇల్లు వదిలేసి పాతకొంపకా?” అని పిల్లలు కోప్పడుతున్నారు.
– ఒక పాఠకురాలు, కొల్లూరు

జవాబు: ఇల్లు వదలక్కర్లేదండీ, అద్దెకివ్వండి. వచ్చే అద్దెతో చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ ప్రాంతంలో లిఫ్ట్ ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకోండి. కొల్లూరు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర కాబట్టి ఐటీ కుటుంబాలు దొరుకుతాయి, తేడా మీ చేతి నుంచి పెద్దగా పడకపోవచ్చు. ఆస్తి పిల్లల పేర ఉన్నా మీ పేర ఉన్నా చెక్కుచెదరదు. సొంతిల్లు పెట్టుకుని అద్దెకుండటం నామర్దా అని మనవాళ్ళకో పట్టింపు, అది వదిలేస్తే దారి సులువు.

అయితే మారే ముందు రెండు నెలలు ఒక ప్రయత్నం చెయ్యండి. పనిమనిషి నిలవకపోవడం చాలామటుకు బస్సు సమస్య. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక, మా వనస్థలిపురానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి పనులు చేసుకుని వెళ్తున్నారు. బస్సు గేటు దాకా వచ్చేచోటే అది. మెయిన్ రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు ఎండలో నడవాలంటే ఎవరూ నిలవరు. మీ సొసైటీ, పక్క సొసైటీలూ కలిసి, పనివాళ్ళొచ్చే టైమూ వెళ్ళే టైమూ రాసి, ఇన్ని కుటుంబాలని లెక్క చూపించి డిపో మేనేజర్‌కి అర్జీ పెట్టండి. బస్సు వచ్చేదాకా సొసైటీయే పొద్దున ఒక ఆటో మాట్లాడి మెయిన్ రోడ్డు నుంచి తీసుకురావచ్చు. స్విమ్మింగ్ పూల్‌కి పెట్టే ఖర్చులో అదెంత?

గానసభకి మాత్రం నా దగ్గర మందు లేదు. సాయంత్రం ఆరింటి కచేరీకి కొల్లూరు నుంచి నాలుగింటికి బయల్దేరే ఓపిక మీ ఇద్దరికీ ఉందో లేదో మీకే తెలియాలి. పిల్లలకి మాత్రం కోపంగా కాకుండా మీ వారం ఎలా గడుస్తోందో వివరంగా రాసి పంపండి. వీడియో కాల్‌లో వాళ్ళకి బాల్కనీ ఒక్కటే కనిపిస్తుంది.

ప్రశ్న: ఏది ఏమైనా శివార్లలో గాలి మంచిది కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఏ శివారు? పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీలున్నాయి. దమ్మాయిగూడ, కాప్రా వైపు గాలి మళ్ళితే జవహర్‌నగర్ డంప్‌యార్డ్ వాసన. కొత్త కాలనీల్లో రోడ్లు పడేదాకా, పక్క టవర్లు లేచేదాకా కిటికీ మీద సిమెంటు దుమ్ము. చాలాచోట్ల నిజంగానే మంచి గాలి ఉంది, కాదనను. కొనబోయే చోటికి రాత్రి పదకొండు దాటాక ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్ళి, కారు అద్దాలు దించి కాసేపు కూర్చోండి.